పదిహేనేళ్లు ఆబ్‌స్ట్రాక్ట్ వేశాక మళ్లీ ఆయిల్‌లో కథ చెప్పగలనా?

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నానండి. పదకొండేళ్ల కిందట ఇదే ప్రశ్న నాకుండేది. అడుగుదామంటే ఎవరూ దొరకలేదు.

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాలేజీ రోజుల్లో మనుషుల్ని, వాళ్ల కథల్ని వేసేవారు. తర్వాత పదిహేనేళ్లు ఇంటీరియర్ డిజైనర్లకు ఆక్రిలిక్‌లో (నీళ్లతో కలిపే, త్వరగా ఆరే రంగులు) ఆబ్‌స్ట్రాక్ట్ కాన్వాసులు, అంటే మనుషులూ వస్తువులూ లేకుండా రంగులూ ఆకారాలూ మాత్రమే ఉండేవి, చేసిచ్చారు. ఇప్పుడు సిరిసిల్ల నుంచి మహారాష్ట్రలోని భీవండి వెళ్లి సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసిన మీ తాతగారి కథని ఆయిల్‌లో, ఆరడుగుల కాన్వాస్ మీద చెప్పాలనుకుంటున్నారు. రెండుసార్లు మొదలుపెడితే రెండుసార్లూ పాఠ్యపుస్తకంలో బొమ్మలా వచ్చింది. ఎక్కడ తప్పు జరుగుతోంది, ఆక్రిలిక్‌కి అలవాటు పడిన చెయ్యి ఆయిల్‌కి తిరుగుతుందా, ఇన్నాళ్లూ కొన్నవాళ్లు పోతే ఎలా?

ముందు జవాబు చెప్పేస్తాను. వెళ్లండి, చెయ్యి తిరుగుతుంది. కానీ ఆ ఆరడుగుల కాన్వాస్‌ని గోడవైపు తిప్పి పెట్టేయండి. ఆరు నెలల పాటు అడుగు, అడుగున్నర మించని చిన్న ఆయిల్ బొమ్మలే వేయండి. ఒక్కోదాంట్లో ఒక్క వస్తువు, లేదా ఒక్క క్షణం, అంతే. తాతగారి జీవితం మొత్తాన్ని ఒకే కాన్వాస్‌లో ఎక్కించాలని చూస్తున్నారు కాబట్టే పాఠ్యపుస్తకం బొమ్మ వస్తోంది. కథ ముందే పూర్తిగా తెలిసిపోయాక బొమ్మకి మిగిలే పని ఆ కథని అందంగా నకలు తీయడమే. చూసేవాడు ఒక్క చూపులో చదివేసి ముందుకెళ్లిపోతాడు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్లు పదివేలకు దగ్గర. మా నాన్న మమ్మల్ని ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాబా ఎక్కించాడు కాబట్టి మిగిలాం. మా పిన్ని మాత్రం గొడ్లను విప్పడానికి వెనక్కి వెళ్లింది, మళ్లీ రాలేదు. నలభై ఎనిమిదేళ్ల వయసులో, మీలాగే ఏళ్ల తరబడి హోటల్ లాబీలకి నీలం, బంగారు రంగుల ఆబ్‌స్ట్రాక్టులు వేసి వేసి, ఒకరోజు ఇక ఇది వేయాల్సిందే అనిపించింది. ఎనిమిదడుగుల కాన్వాస్ కట్టించాను. అలలు, విరిగిన తాడిచెట్లు, తేలే గొడ్లు, చేతులెత్తిన మనుషులు. నాలుగు నెలలు కష్టపడ్డాను. మా అమ్మ వచ్చి చూసి, "సినిమా బాగుందిరా" అంది. ఇంకేం అనలేదు.

ఆ కాన్వాస్ చుట్టి అటక మీద పడేశాను. తర్వాత చాలా రోజులకి అమ్మ ఏదో మాటల్లో చెప్పింది. నీళ్లు తీశాక ట్రంకు పెట్టె దొరికిందట. అందులోవన్నీ తీసి తుమ్మ కంప మీద ఆరేసిందట. పెళ్లిచీర రంగు దిగిపోయి మిగతా బట్టలన్నీ గులాబీ రంగు అయిపోయాయట. నాకు ఇది గుర్తే లేదు. కానీ విన్నాక నిద్ర పట్టలేదు. అడుగున్నర కాన్వాస్ మీద తుమ్మ కొమ్మ, దాని మీద గులాబీ మరకల చొక్కా ఒకటి, వెనక ఉప్పు పేరిన పొలం వేశాను. అందులో నీళ్లు లేవు, చావు లేదు. అమ్మ ఈసారి ఆ బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని కుంచె పట్టడం కాదు, అడగడం. తాతగారి కథ మీకు మీ అమ్మగారు చెప్పగా తెలిసిందన్నారు. ఆమెని మళ్లీ కూర్చోబెట్టి కథ కాకుండా వస్తువులు అడగండి. భీవండికి ఏం పట్టుకెళ్లాడు? ఏ సంచిలో? తిరిగొచ్చినప్పుడు చెవులు సరిగ్గా వినిపించేవా? రాత్రంతా సాంచెల మోతలో బతికినవాళ్లు ఇంటికొచ్చి కూడా గట్టిగా మాట్లాడతారు, అది బొమ్మలో ఎలా వస్తుందో ఆలోచించండి. జుట్టులో దూది నూగు ఉండేదా? కండెలు (మగ్గానికి నూలు చుట్టే గొట్టాలు) చుట్టింది ఎవరు? ఇలాంటివి పది దొరికితే మీకు పది బొమ్మలు ఉన్నట్టే.

ఇది మన ఇద్దరికే వచ్చిన ఇబ్బంది అనుకోకండి. అమెరికాలో ఫిలిప్ గస్టన్ అనే చిత్రకారుడుండేవాడు. 1930ల్లో మనుషులతో, రాజకీయ కథలతో గోడల మీద మ్యూరల్స్ వేసినవాడు. 1950లకి న్యూయార్క్ ఆబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుల్లో పెద్ద పేరు. 1960ల చివర్లో ఆ ఆబ్‌స్ట్రాక్ట్ శుద్ధత అంతా విసుగెత్తింది, కథలు చెప్పాలనిపించింది అని ఆయనే చెప్పుకున్నాడు. అప్పుడు ఏం చేశాడో చూడండి, మీకు కావాల్సింది అదే. మొదట కొన్నాళ్లు పెయింటింగ్ ఆపేసి గీతలు మాత్రమే గీశాడు. తర్వాత చిన్న చిన్న పలకల మీద బూటు, పుస్తకం, ఇటుక, బల్బు, ఇలా ఒక్కోటీ విడివిడిగా వేశాడు. అంటే అక్షరాలు దిద్దుకున్నాడన్నమాట. పెద్ద కాన్వాసుల్లో తర్వాత కనిపించే బూట్ల గుట్టలు, మంచం మీద సిగరెట్ తాగే మనిషి, ఆ అక్షరాలతో రాసిన వాక్యాలే. 1970లో న్యూయార్క్‌లోని మార్ల్‌బరో గ్యాలరీలో ఈ కొత్త తరహా బొమ్మల్ని మొదటిసారి పెడితే తిట్లు కురిశాయి. న్యూయార్క్ టైమ్స్‌లో హిల్టన్ క్రామర్ వేళాకోళం చేస్తూ రాశాడు. సంగీతకారుడు మోర్టన్ ఫెల్డ్‌మన్‌తో ఏళ్లనాటి స్నేహం కూడా దెబ్బతింది. ఇవాళ గస్టన్ అనగానే జనానికి గుర్తొచ్చేవి ఆ బొమ్మలే. అలాగని మీకూ అలాగే జరుగుతుందని చెప్పడం లేదు, ఆయన పద్ధతి చూసుకోమంటున్నాను.

మన దేశంలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ భూపేన్ ఖఖర్. బరోడాలో అకౌంటెంటుగా ఉద్యోగం చేస్తూనే గడియారాలు బాగుచేసేవాళ్లని, దర్జీలని, మంగలి షాపులని ఆయిల్‌లో వేశాడు. 1981లో వేసిన 'యూ కాంట్ ప్లీజ్ ఆల్' చూడండి, ఇప్పుడు లండన్‌లో టేట్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది. తండ్రీ కొడుకూ గాడిదా కథ మనందరికీ తెలిసిందే కదా, ఎవరు ఎక్కినా లోకం ఏదో ఒకటి అంటుంది అనే కథ. ఆ కథంతా ఊళ్లో వెనకాల చిన్న చిన్న ముక్కలుగా జరుగుతూ ఉంటుంది. ముందు బాల్కనీలో ఒంటి మీద బట్టలేని ఒక మనిషి, మనకి వీపు చూపిస్తూ, అదంతా చూస్తుంటాడు. పిల్లల కథ అలాగే ఉంది, కానీ బొమ్మ ఆ బాల్కనీ మనిషిది. తెలిసిన కథని మళ్లీ చెప్పడానికీ, తెలిసిన కథని వాడుకుని తన మాట చెప్పడానికీ తేడా అక్కడ కనిపిస్తుంది. అదే ఏడాది ఖఖర్, గులాం మహమ్మద్ షేక్, జోగెన్ చౌధురి, నళినీ మలానీ, సుధీర్ పట్వర్ధన్, వివాన్ సుందరం కలిసి 'ప్లేస్ ఫర్ పీపుల్' అని ప్రదర్శన పెట్టారు. మనుషులకీ కథకీ బొమ్మలో మళ్లీ చోటు కావాలన్నది వాళ్ల పట్టు. కాబట్టి మీరేదో పాత కాలానికి వెళ్తున్నారని ఎవరైనా అంటే టెన్షన్ పడకండి.

ఇప్పుడు అసలు చిక్కు, కాలం. బొమ్మ కదలదు, కథ కదులుతుంది. దీనికి మన దగ్గర రెండు పాత దారులున్నాయి.

ఒకటి, ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే చోట వేయడం. అమరావతి స్తూపం నుంచి వచ్చిన నలగిరి ఏనుగు శిల్పం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది, గుండ్రటి పలక. ఎడమ వైపు మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తుంది, కుడి వైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. ఒకే వీధిలో ఏనుగు రెండుసార్లు ఉన్నా ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు. మధ్యలో భయంతో వెనక్కి తగ్గే మనుషులు, మేడ కిటికీల్లోంచి చూసేవాళ్లు ఆ రెండు క్షణాలనీ కలిపి కుట్టేస్తారు. నేను దాని ముందు ఒక పూటంతా నిలబడ్డాను. ఏ కాలేజీ పాఠమూ నాకు అంత నేర్పలేదు.

రెండోది, ఒకే ఒక్క క్షణం పట్టుకుని మిగతాది చూసేవాడి బుర్రకి వదిలేయడం. రవివర్మ శకుంతల గుర్తుందా? కాల్లో ముల్లు దిగినట్టు నటిస్తూ వెనక్కి తిరిగి చూస్తుంది. దుష్యంతుడు బొమ్మలోనే లేడు. ఆ లేకపోవడమే కథ. రవివర్మని క్యాలెండర్ బొమ్మల మనిషి అని తీసిపారేస్తారు గానీ, 1894లో పెట్టిన ప్రెస్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మల్ని పక్కన పెట్టి ఆయన ఆయిల్స్ ముందు నిలబడితే, ఏ క్షణం ఎంచుకున్నాడు, ఎవరిని బయట ఉంచాడు అన్నది గమనించాలనిపిస్తుంది. నా మట్టుకు నాకు ఆయన పౌరాణిక సభల బొమ్మల కంటే ఇలా కొద్దిమంది మాత్రమే ఉన్నవే ఇష్టం.

మీరు పన్నెండు గడులుగా విడగొట్టి చేర్యాల పటంలా వేయాలన్న ఆలోచన కూడా రాశారు. మీది పద్మశాలి కుటుంబం కాబట్టి మార్కండేయ పురాణం పటం మీ తాతగారు చూసే ఉంటారు, కూనపులివాళ్లు పటం విప్పి చెప్పేది. ఆలోచన మంచిదే. కానీ ఒక్కటి మరిచిపోతున్నారు. పటం పక్కన కథకుడు ఉంటాడు, మీ కాన్వాస్ పక్కన ఎవరూ ఉండరు. పటం మీద గడి తర్వాత గడికి కాలాన్ని నడిపించేది ఆ మనిషి గొంతు, అతని చేతిలో కర్ర. ఆ పటాలు వేసే నకాషీ చిత్రకారుడు ముఖాల్లో పెద్దగా భావం పెట్టకపోయినా నడిచిపోయేది అందుకే, భావం పాటలో వస్తుంది. ఆ గడుల్ని తెచ్చి గ్యాలరీ గోడకి తగిలిస్తే కామిక్ అవుతుంది. పటం నుంచి తీసుకోవాల్సింది నా ఉద్దేశంలో ఆ ఎర్ర నేల, అంటే బొమ్మ వెనక పరిచే రంగు. ఎక్కడ జరిగినా, ఎప్పుడు జరిగినా వెనక అదే ఎరుపు, అందుకే కథంతా ఒకే ఊపిరిలా ఉంటుంది. మీ చిన్న బొమ్మలన్నిటికీ ఒకే రంగు నేల వేసి చూడండి. భీవండి షెడ్డు, సిరిసిల్ల ఇల్లు, రైలు, అన్నీ ఒకే నేల మీద.

ఇక ఆయిల్ సంగతి. మీ చెయ్యి పాడవలేదు, మీ ఓపిక పాడైంది. నాకూ అంతే అయింది. ఆక్రిలిక్ పావుగంటలో ఆరిపోతుంది, అంటే ప్రతి నిర్ణయం పావుగంటలో ఖాయం. హోటల్ లాబీకి అది వరం. కథకి ఆ తొందర పనికిరాదు. ఆయిల్ నిజానికి ఆరదు, అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ తీసుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే నిన్న వేసిన ముఖం ఇవాళ పొద్దున కూడా తడిగా ఉంటుంది. గుడ్డ తీసుకుని తుడిచేయవచ్చు. తుడిచినా పూర్తిగా పోదు, నీడలా మిగులుతుంది.

నా తుమ్మకొమ్మ బొమ్మల వరసలో ఒకదాంట్లో పిన్నిని గొడ్లపాక గుమ్మంలో నిలబెట్టాను. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ ఎవరో నటి నిలబడ్డట్టుంది. విసుగొచ్చి తుడిచేశాను. పొద్దున్నే లేచి చూస్తే గుమ్మంలో మనిషంత మసక మాత్రం ఉంది. దాన్ని ముట్టుకోలేదు. ఆ బొమ్మ నేను వేశానని చెప్పుకోవడానికి సగమే హక్కుంది, మిగతా సగం నూనెది.

పనిలో పాటించాల్సినవి కొన్ని:

కింద పలుచన, పైన జిడ్డు. మొదటి పొర టర్పెంటైన్‌తో (ఆయిల్ రంగుని పలుచన చేసే ద్రవం) పలుచగా, పైపైకి వెళ్లేకొద్దీ నూనె ఎక్కువగా. తిరగేస్తే పైపొర ముందు గట్టిపడి, కిందిది తర్వాత కదిలి, రంగు పగులుతుంది. అలాగని మొదటి పొరలో టర్పెంటైన్ నీళ్లలా పోసేయకండి, రంగుని పట్టి ఉంచే నూనె కూడా పోతుంది, వేలికి పొడి రాలుతుంది.

మొదటి పొర మొత్తం బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ మట్టిరంగుతో వేయండి. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్, కాడ్మియం ఎరుపులు ఆలస్యం, అందుకే వాటిని కింద పెట్టకండి. తెలుపుకి టైటానియం తీసుకోండి. ట్యూబ్ వెనక చదవండి, జింక్ కలిసి ఉంటే పెద్ద బొమ్మలకి వద్దు, ఏళ్లు గడిచాక పెళుసవుతుంది. రంగులు ఐదు చాలు: తెలుపు, ఎల్లో ఓకర్, ఏదో ఒక మట్టి ఎరుపు, అల్ట్రామెరైన్, అంబర్. ఇన్నాళ్లూ సోఫా రంగుకి మ్యాచ్ చేయడానికి నలభై ట్యూబులు వాడి ఉంటారు, వాటిని కళ్లకి కనబడకుండా దాచండి.

మీ ఆక్రిలిక్ చెయ్యి వృథా కాదు. ఆక్రిలిక్‌తో పలుచగా నేల రంగు వేసి, ఆరాక దాని మీద ఆయిల్ వేయవచ్చు. ఆయిల్ మీద ఆక్రిలిక్ మాత్రం ఎప్పుడూ వద్దు, పొరలా ఊడొస్తుంది. పదిహేనేళ్లు ఆబ్‌స్ట్రాక్ట్ వేసిన కంటికి ఒక లాభం కూడా ఉంది. ఖాళీ ఎంత బరువు మోస్తుందో మీకు తెలుసు. కాలేజీలో వేసిన మీ కథల బొమ్మల్లో ఆ ఖాళీ ఉండి ఉండదు, మనందరం కుర్రతనంలో మూలమూలా నింపేసేవాళ్లమే.

వానాకాలంలో ఆయిల్ మరీ ఆలస్యంగా ఆరుతుంది. తడి బొమ్మని చీకటి గదిలో పెడితే నూనె పసుపు తిరుగుతుంది, వెలుతురు తగిలే చోట ఉంచితే చాలా వరకు తగ్గుతుంది. కొన్నిచోట్ల రంగు నూనె పీల్చుకుని మట్టిలా మొద్దుబారితే కంగారుపడి మళ్లీ వేయకండి, ఆరాక నూనె, టర్పెంటైన్ కలిపి గుడ్డతో పలుచగా రుద్ది తుడిచేస్తే అసలు రంగు పైకొస్తుంది. వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాతే. ఒకసారి ప్రదర్శన తొందరలో రెండో నెలకే కొట్టాను, ఆ బొమ్మ మీద ఇప్పటికీ దుమ్ము అంటుకుంటూనే ఉంటుంది.

ఫొటోల గురించి ఒక మాట. తాతగారి ఫొటో ఒకటే ఉందన్నారు, స్టూడియోలో దిగింది. దాన్ని చూసి నేరుగా వేయకండి. పది రోజులు పెన్సిల్‌తో గీసి, తర్వాత ఫొటో బీరువాలో పెట్టి, జ్ఞాపకం నుంచి వేయండి. పోలిక కొంచెం పోతుంది, పోనివ్వండి. వీలైతే మీ కుటుంబంలో ఎవరి చేతులు ఆయనవిలా ఉండేవో అడిగి, వాళ్లని కూర్చోబెట్టి చేతులు మాత్రం ఎదురుగా చూసి వేయండి. ముఖం కంటే చేతులకే నేతపని ఎక్కువ తెలుసు.

డబ్బు. దీనికి తీపి జవాబు లేదు. నాకు నెలనెలా పనిచ్చే డిజైనర్లు ఇద్దరు ఏడాదిలో ఫోన్ చేయడం మానేశారు. మొదటి ప్రదర్శనలో పద్నాలుగు బొమ్మలు పెడితే మూడు పోయాయి, అందులో ఒకటి మా బంధువు మొహమాటానికి తీసుకున్నది. పడకగదిలో ఉప్పెన ఎవరు తగిలించుకుంటారండీ? అందుకని కనీసం రెండేళ్లు ఆబ్‌స్ట్రాక్ట్ పని వదలకండి. వారంలో నాలుగు రోజులు అది, మూడు రోజులు ఇది. రెండిటినీ ఒకే రోజు చేయకండి, నేను చేసి చెడ్డాను, అలంకారం కథలోకి పాకింది. ఇంటి ఖర్చు బొమ్మ మీద పడకపోవడం ఎంత లాభమో ఖఖర్ అకౌంటెంట్ ఉద్యోగం చూస్తే తెలుస్తుంది. సుధీర్ పట్వర్ధన్ ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేస్తూనే ఆ నగరపు కూలీలని, రైళ్లని, వీధులని ఆయిల్‌లో వేశారు. పాత ధరలని కొత్త బొమ్మలకి పెట్టుకోవాలా అంటే, చదరపు అడుగు లెక్క మాత్రం మానేయండి. చిన్న బొమ్మలు కదా, ఆ లెక్కలో ఊరికే పోతాయి.

ఆరు నెలల తర్వాత ఆరడుగుల కాన్వాస్ ఇటు తిప్పాలా వద్దా అన్నది అప్పుడు చూసుకుందాం. నేను ఇప్పటికీ ఎనిమిదడుగులది మళ్లీ కట్టలేదు. నాలుగడుగుల దగ్గర ఆగిపోయాను, నా కథకి అది చాలింది. మీ కథలో ఎన్ని సాంచెలు పక్కపక్కన నడవాలో దాన్నిబట్టి మీకు పెద్దదే కావాల్సి రావచ్చు.

చివరగా, ఆక్రిలిక్ నుంచి వచ్చేవాళ్లకి ఎవరూ చెప్పని ఒక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయండి. టర్పెంటైన్ వాసన గదిలో నిలవకుండా కిటికీ తెరిచి పెట్టుకోండి. మొదటి రెండు మూడు చిన్న బొమ్మలు అయ్యాక ఫొటోలు ఇక్కడే పెట్టండి, సంచి బొమ్మ ముందు వేస్తారా, కండెలది ముందు వేస్తారా అని ఎదురుచూస్తుంటాను.